కార్డు గీకితే అమ్మినట్టే

శ్రీకాకుళంలో పన్ను లెక్కలు చూసే మాలాంటి వాళ్ల దగ్గర రెండు రకాల ఫైళ్లుంటాయి. ఒక రకం ఊళ్లో ఉన్నవాళ్లవి. పలాస జీడిపప్పు వ్యాపారులు, రైసు మిల్లులు, బట్టల కొట్లు, రిటైరైన మాస్టార్లు. రెండో రకం ఊళ్లో లేనివాళ్లవి. ఉద్దానం కొబ్బరితోటల్లోంచి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెల్డర్లుగా, రిగ్గర్లుగా, పైప్ ఫిట్టర్లుగా పోయినవాళ్లు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడలెక్కిన సీమెన్. రాజాం, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి జర్మనీకీ ఐర్లండ్‌కీ వెళ్లిన పిల్లలు. ఈ రెండో బీరువా ఏటా బరువెక్కుతోంది.

గల్ఫ్ వాళ్ల ఫైలు ఒకప్పుడు తేలికగా తేలిపోయేది. విదేశాల్లో ఉండేవాళ్ల ఎన్‌ఆర్‌ఈ ఖాతా పాసుబుక్కు, పాస్‌పోర్టులో ముద్రలు, ఊళ్లో ఇల్లు కట్టిన ఖర్చుల చిట్టా. ఆ మూడూ ఒకదానికొకటి సరిపోతే చాలు. ఇప్పుడు యూరప్ వెళ్లిన కుర్రాడు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. అందులో బ్యాంకు పేరుండదు, శాఖ పేరుండదు. యూఎస్‌డీసీ ఇన్ని అని ఒక అంకె మాత్రం ఉంటుంది. కింద ఒక మాట: "సార్, ఇక్కడ దీని కార్డే వాడతన్నాను. పన్నేటైనా పడతాదా?"

కార్డు వాడటం యూరప్‌లో నేరం కాదు, చట్టం గుర్తించిన పనే. అయితే పన్ను సంగతి చెప్పాలంటే ఆ డబ్బు నడిచిన దారంతా నాకు తెలియాలి. ఎక్కడ సంపాదించాడు? ముందు ఏ చేతికి వచ్చింది? ఏ రోజు, ఏ ధరకు, దేనిలోకి మార్చాడు? ఊరికి ఎలా పంపాడు? పన్ను పుట్టేది ఈ నాలుగు చోట్లే. చట్టబద్ధంగా తగ్గించుకోగలిగేదీ ఈ నాలుగు చోట్లే. ఆ నాలుగింటికీ కాగితం ఉన్నవాడు నిశ్చింతగా ఉంటాడు. లేనివాడు చిన్న మొత్తానికే పెద్ద చిక్కులో పడతాడు. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఇదొక్కటే, అందుకే రాస్తున్నాను.

కార్డు లోపల జరిగేది

స్టేబుల్‌కాయిన్ అంటే ఏదో ఒక దేశపు కరెన్సీ విలువకు కట్టి ఉంచిన డిజిటల్ కాయిన్. టెథర్ కంపెనీ యూఎస్‌డీటీ 2014 నుంచీ, సర్కిల్ కంపెనీ యూఎస్‌డీసీ 2018 నుంచీ నడుస్తున్నాయి. రెండూ డాలరుకు కట్టినవే. యూరోకు కట్టినవీ ఉన్నాయి. సర్కిల్ వాళ్లదే ఈయూఆర్‌సీ ఒకటి. బిట్‌కాయిన్‌లా ధర ఎగిరిపడదని వీటికి పేరు. అయితే కట్టు తెగిన రోజులూ ఉన్నాయి. 2022 మేలో టెర్రా యూఎస్‌డీ పూర్తిగా కూలిపోయింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు, సర్కిల్ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు ఆ బ్యాంకులోనే ఉన్నాయని తెలిసి, యూఎస్‌డీసీ డాలరుకు 90 సెంట్ల కంటే కిందికి జారింది. రెండు మూడు రోజుల్లో మళ్లీ నిలబడింది. ఆ రెండు రోజుల్లోనే అద్దె కట్టాల్సినవాడు మాత్రం నష్టపోయాడు.

ఇక కార్డు సంగతి. కుర్రాడు బెర్లిన్‌లో రొట్టె కొని కార్డు గీకితే ఆ కొట్టువాడికి కాయిన్ చేరదు. కార్డు కంపెనీ ఇతని కాయిన్లలో కొన్నింటిని అప్పటికప్పుడు అమ్మి, వచ్చిన యూరోలను వీసా లేదా మాస్టర్‌కార్డ్ ద్వారా కొట్టుకు చేరుస్తుంది. పూర్వం మన పల్లెల్లో ధాన్యం కొలిచి ఇచ్చి ఉప్పూ చింతపండూ తెచ్చుకున్నట్టే ఇదీ. కొనడానికి వెళ్లినవాడు ముందు తనది అమ్ముకుంటున్నాడు. యూరప్‌లో చాలా దేశాల పన్ను చట్టాలకూ, మన చట్టానికీ కనబడేది ఆ అమ్మకమే. రొట్టె ధర వాటికి అక్కర్లేదు. ఆ కాయిన్ ఎంతకు వచ్చింది, ఎంతకు పోయింది అన్నదే కావాలి.

"డాలరు కాయిన్ ఎప్పుడూ డాలరే కదా, లాభమెక్కడిది?" అని అడుగుతారు. డాలరు డాలరుగానే ఉంటుంది, యూరో కదులుతుంది. 2025 జనవరిలో ఒక డాలరుకు సుమారు 97 యూరో సెంట్లు వచ్చేవి. అదే ఏడాది జూన్ చివరికి 85కి దిగింది. జనవరిలో 1,000 యూరోలు పెట్టి డాలరు కాయిన్లు తీసుకున్నవాడికి దాదాపు 1,031 కాయిన్లు వచ్చి ఉంటాయి. వాటిని జూన్ చివర్లో కార్డు మీద ఖర్చు పెడితే చేతికి దక్కేది 876 యూరోలే. ధర మారని కాయిన్ అనుకున్నది ఆరు నెలల్లో ఎనిమిదో వంతు కరిగిపోయింది. గాలి ఎదురు తిరిగిన ఏడాది అదే మనిషికి లాభం వస్తుంది, ఆ లాభానికి లెక్క చూపించాలి.

అందుకే యూరప్‌లో కార్డు వాడి తీరాలనుకునే వాళ్లకు నేను మొదట చెప్పేది: ఖర్చుకు యూరో కాయిన్ పెట్టుకో. యూరోతో కొన్న యూరో కాయిన్‌ను యూరోలోనే ఖర్చు పెడితే లాభమూ నష్టమూ దాదాపు సున్నా. లెక్క తేలిక, గుండె తేలిక. రెండోది: కాఫీ తాగిన ప్రతిసారీ కాయిన్ అమ్ముడయ్యే కార్డు వద్దు. నెలకోసారి కాయిన్లను యూరోల్లోకి మార్చి ఆ యూరోలను కార్డులో నింపుకునే పద్ధతి ఉంటే అది ఎంచుకో. అప్పుడు ఏడాదికి వందల అమ్మకాల బదులు పన్నెండు అమ్మకాలే రాయాలి. ఇందులో మోసమేమీ లేదు, చట్టం ఒప్పుకున్న సౌకర్యమే.

యూరప్ గీసిన గీత

యూరోపియన్ యూనియన్ ఈ కాయిన్లకు మైకా అనే చట్టం తెచ్చింది. స్టేబుల్‌కాయిన్ల నియమాలు 2024 జూన్ 30 నుంచీ, మిగతావి అదే ఏడాది డిసెంబరు 30 నుంచీ అమలవుతున్నాయి. ఒకే కరెన్సీకి కట్టిన కాయిన్‌ను అక్కడ అమ్మాలంటే దాన్ని జారీ చేసేది బ్యాంకో, లైసెన్సున్న ఈ-మనీ సంస్థో అయి ఉండాలి. కాయిన్ ఉన్నవాడు ఎప్పుడడిగినా పూర్తి విలువకు డబ్బు తిరిగివ్వాలి. దాని మీద వడ్డీ ఇవ్వకూడదు. సర్కిల్ 2024 జూలైలో ఫ్రాన్స్‌లో ఆ లైసెన్సు తెచ్చుకుంది. టెథర్ తెచ్చుకోలేదు. దాంతో 2025 మార్చి చివరికి బైనాన్స్ లాంటి పెద్ద ఎక్స్ఛేంజీలు యూరప్ ఖాతాదారులకు యూఎస్‌డీటీ అమ్మడం కొనడం ఆపేశాయి.

ఈ సంగతి మన కుర్రాళ్లకు తెలియాలి. ఎందుకంటే గల్ఫ్‌లోనూ ఆసియాలోనూ అందరి నోటా ఉండేది యూఎస్‌డీటీయే. దుబాయ్‌లో అలవాటైన కాయిన్ పట్టుకుని పోలండ్ వెళ్లిన వెల్డరు, అక్కడి కార్డు దాన్ని తీసుకోకపోతే ఎవరో తెలియని మనిషి దగ్గర మార్చుకుందామని చూస్తాడు. చిక్కు అక్కడ మొదలవుతుంది. ఏ కార్డయినా తీసుకునే ముందు రెండు చూడమంటాను. కార్డు వెనక జారీ చేసిన సంస్థ పేరు ఉందా, ఆ సేవ ఇచ్చే కంపెనీ యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా జాబితాలో ఉందా అని. "కాయిన్ దాచుకో, నెలకింత వడ్డీ" అని ఎవరైనా అంటే, మైకా వద్దన్న పనినే వాళ్లు చేస్తామంటున్నారని గుర్తు.

చట్టం అందరికీ ఒకటే అయినా పన్ను ఒక్కో దేశానిది ఒక్కో తీరు. జర్మనీలో కాయిన్‌ను ఏడాది దాటి ఉంచుకుని ఖర్చు పెడితే లాభం మీద పన్ను లేదు. ఏడాదిలోపు అయితే, 2024 నుంచి, ఏడాది మొత్తం లాభం 1,000 యూరోలకు చేరనంత వరకు పన్ను లేదు. చేరిందా, మొత్తం లాభం మీదా పడుతుంది. ముందు వచ్చిన కాయిన్ ముందు ఖర్చయినట్టు లెక్కించడాన్ని అక్కడి ఆర్థిక శాఖ ఒప్పుకుంటుంది. కాబట్టి దాచుకునే కాయిన్లు ఒక వాలెట్‌లో, ఖర్చు కాయిన్లు ఇంకో వాలెట్‌లో వేరుగా ఉంచితే ఏడాది నిండిన వాటికి ఆ ప్రయోజనం చక్కగా దక్కుతుంది.

పోలండ్‌లో ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకుంటే పన్ను లేదు. డబ్బులోకి మార్చినా, వస్తువు కొన్నా లాభం మీద 19 శాతం. పిట్-38 అనే ఫారంలో ఏప్రిల్ 30 లోపు చూపించాలి. ఆ ఏడాది ఏదీ అమ్మకపోయినా, కొన్న ఖర్చును ఆ ఏడాది ఫారంలోనే రాస్తేనే తర్వాతి ఏడాదికి తీసుకెళ్లే వీలుంటుంది. మనవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఇదే. "ఏటీ అమ్మలేదు కదా సార్" అని ఊరుకుంటారు. పోర్చుగల్‌లో 2023 నుంచి, ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 28 శాతం. నెదర్లాండ్స్‌లో కాయిన్లను జనవరి 1 నాటికి ఉన్న ఆస్తిగా లెక్కేస్తారు. కాబట్టి ఒక దేశంలో ఉన్న స్నేహితుడు చెప్పిన చిట్కాను ఇంకో దేశంలో పాటించవద్దు. అక్కడి పన్ను సలహాదారుకు ఒక గంట ఫీజు ఇవ్వడమే చౌక.

కాయిన్ చీకటిలో ఉంటుందనుకునే వాళ్లకు ఇంకో మాట. 2026 జనవరి 1 నుంచి యూరప్‌లోని కాయిన్ కంపెనీలు తమ ఖాతాదారుల లావాదేవీలను పన్ను శాఖలకు నివేదించేందుకు డీఏసీ8 అనే ఆదేశం కింద వివరాలు సేకరిస్తున్నాయి. 2027లో ఆ దేశాలు వాటిని ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. మన 2025 ఆర్థిక చట్టం కూడా కాయిన్ లావాదేవీలను నివేదించే బాధ్యతను 2026 ఏప్రిల్ 1 నుంచి పెట్టింది. బ్యాంకు ఖాతాల వివరాలైతే 2017 నుంచే దేశాల మధ్య నడుస్తున్నాయి.

రోజుల లెక్క

ఇక నా అసలు పని. పన్ను విషయంలో విదేశం వెళ్లిన మనిషి ఏ దేశస్థుడు? మన చట్టం పాస్‌పోర్టు రంగు చూడదు, రోజులు లెక్కపెడుతుంది.

ఉద్యోగానికి విదేశం వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే నాన్ రెసిడెంట్ అవుతాడు. సెప్టెంబరు 28లోపు విమానం ఎక్కి, మార్చి 31 దాకా తిరిగి రాకపోతే చాలు. వెల్డరు ఎక్కాల్సిన విమానం రెండు వారాలు వెనక్కి జరిగితే ఆ ఏడాది అతను విదేశంలో సంపాదించినదంతా మన రిటర్నులో చూపించాల్సి రావచ్చు. అందుకే టికెట్ కొనే ముందు నాకో ఫోన్ చేయమని చెబుతుంటాను.

చదువుకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. చదువు ఉద్యోగం కింద రాదు. వాళ్లకు 182 కాదు, 60 రోజుల లెక్క. అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడే ఉన్నారు కాబట్టి, సెప్టెంబరులో జర్మనీ వెళ్లిన విద్యార్థి ఆ ఏడాదికి మన దేశపు రెసిడెంటే. అంటే ఆ మార్చి దాకా అక్కడ పార్ట్ టైము చేసి సంపాదించినదీ మన రిటర్నులోకి రావాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు అడగొచ్చు, దానికి వేరే ఫారం ఉంది. అంతకంటే ముఖ్యం, విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్ఏ. డిసెంబరు 31తో ముగిసే ఏడాదికి అక్కడి బ్యాంకు ఖాతా, వీసా కోసం డబ్బు ఆపి ఉంచిన బ్లాక్డ్ అకౌంటు, కాయిన్ వాలెట్ అన్నీ అందులో రాయమంటాను. రాయకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా విధించే వీలుంది. స్థిరాస్తి కాని ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా నుంచి సడలింపు ఇచ్చారు. సడలింపు జరిమానాకే, రాయడానికి కాదు. ఒక పట్టికలో నాలుగు వరుసలు నింపడానికి బద్ధకించి పిల్లవాడి భవిష్యత్తును పణంగా పెట్టకూడదు.

రెసిడెంటుగా ఉన్న ఆ నెలల్లో కార్డు గీకితే మన 30 శాతం పన్ను కూడా వర్తిస్తుంది. 2022 ఆర్థిక చట్టం తెచ్చిన 115బీబీహెచ్ సెక్షను ప్రకారం కాయిన్ బదిలీలో వచ్చిన లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయనివ్వరు. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోనూ కలపనివ్వరు, తర్వాతి ఏడాదికీ మోసుకుపోనివ్వరు. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ 30 శాతాన్ని అలాగే ఉంచారు. డాలరుకు కట్టిన కాయిన్‌నూ, గంటకో ధర పలికే కాయిన్‌నూ ఒకే గాటన కట్టడం నాకు సమంజసంగా తోచదు. జూదం లాంటి బేరానికి పెట్టిన రేటు, జీతం డబ్బుతో కూరగాయలు కొనుక్కునే వాడి మీదా పడుతోంది. ఈ రెండింటినీ చట్టం వేరు చేసి చూడాలని మా వృత్తిలో చాలామంది కోరుకుంటున్నారు. అది మారేదాకా ఉన్న చట్టాన్నే పాటించాలి, పాటింపజేయాలి.

ఓడ జీతం

సీమెన్‌కు లెక్క ఇంకా సున్నితం. వాళ్ల విదేశీ రోజులను ఓడ సర్వీసు పుస్తకమైన కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్‌లో సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలతో లెక్కిస్తారు. విదేశీ యానం చేసే ఓడ మీద పని చేసిన నాన్ రెసిడెంట్ సీమాన్ జీతం, ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో జమైనంత మాత్రాన పన్నుకు గురికాదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇచ్చింది. మా ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు ఆ కాగితం పెద్ద భరోసా. కంపెనీ నుంచి నేరుగా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు వచ్చే దారిని అది కాపాడుతోంది. ఆ ఖాతా వడ్డీకీ పన్ను లేదు.

ఇంత మంచి దారి ఉండగా కొందరు కుర్రాళ్లు రేవులో చేతికందిన డాలర్లను కాయిన్లుగా మార్చి, సెలవుకొచ్చాక ఊళ్లో అమ్ముకుంటున్నారు. "బేంకు కంటే రెండు రూపాయలెక్కువ పలికింది సార్" అంటారు. ఆ రెండు రూపాయల కోసం వాళ్లు వదులుకున్నది చూడండి. కాయిన్ అమ్మితే వచ్చిన రూపాయలు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేయడానికి వీల్లేదు. కాయిన్ లాభం ఇక్కడే చేతికి వచ్చింది కాబట్టి నాన్ రెసిడెంట్ అయినా దాని మీద 30 శాతం తప్పదు. అది ఓడ జీతమేనని చెప్పడానికి బ్యాంకు కాగితం ఉండదు. 2006 అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం జీతం నెలకోసారైనా ఇవ్వాలి, నెలనెలా లెక్క చీటీ ఇవ్వాలి, జీతాన్ని ఇంటికి పంపుకునే ఏర్పాటు చేయాలి. ఆ హక్కు అడిగి తీసుకోమంటాను. నడిసంద్రంలో చేసిన పని డబ్బు నేరుగా ఇంటికి చేరాలి.

ఊళ్లో ఉండి విదేశీ పని

విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని లిథువేనియా కంపెనీకి యాప్‌లు రాసిపెట్టే పిల్లలున్నారు. కొన్ని కంపెనీలు కాయిన్లలోనే ఇస్తామంటాయి, కార్డు కూడా పంపిస్తామంటాయి. వీళ్లకు నా సలహా కచ్చితంగా ఒకటే: వద్దనండి, బ్యాంకుకు పంపమనండి.

మొదటి కారణం ఆదాయపు పన్ను. 1,000 యూఎస్‌డీటీ వచ్చిన రోజు ధర 84 రూపాయలనుకుందాం. 84,000 రూపాయలు వృత్తి ఆదాయం, మామూలు శ్లాబులో పన్ను. రూపాయి పడిపోయి 88 అయినప్పుడు వాటిని ఖర్చు పెడితే ఇంకో 4,000 లాభం, దాని మీద సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 1,248 రూపాయలు. ధర 82కి దిగితే వచ్చే 2,000 నష్టం దేనికీ పనికిరాదు. పైగా ఇక్కడ అమ్మితే 2022 జూలై 1 నుంచి కొనేవాడు 1 శాతం టీడీఎస్ కోయాలి.

రెండోది విదేశీ మారకద్రవ్య చట్టం, ఫెమా. విదేశానికి చేసిన సేవకు ప్రతిఫలం అధీకృత బ్యాంకుల దారిలో దేశంలోకి రావాలి. మూడోది జీఎస్టీ, దీన్ని ఎవరూ తలుచుకోరు. సేవ ఎగుమతి అనిపించుకోవాలంటే డబ్బు మార్పిడి చేయదగిన విదేశీ మారకంలో, లేదా రిజర్వ్ బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో రావాలి. కాయిన్ ఈ రెండూ కాదు. ఏడాది వసూలు 20 లక్షలు దాటినవాడికి సున్నా పడాల్సిన చోట 18 శాతం అడిగే ప్రమాదం ఉంది. బ్యాంకు ఇచ్చే విదేశీ జమ పత్రం ఒక్కటుంటే ఈ మూడు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు దొరుకుతుంది.

తెలియని చేతి నుంచి వచ్చిన రూపాయలు

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ బాధపడేది పిల్లలు కాదు, వాళ్ల అమ్మలు. వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. "ఆడిటర్ బాబూ, మావోడు కరుసుకని డబ్బులేయించినాడు. బేంకోల్లు కాతా ఆపీసినారు. నానేటి తప్పు సేసినాను?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. కొడుకు యూరప్‌లో కాయిన్లు అమ్మాడు. కొన్నవాడెవరో ఇక్కడ ఈమె పొదుపు ఖాతాలో రూపాయలు వేశాడు. ఆ రూపాయలు ఇంకో రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగినవి. మోసపోయినవాడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. డబ్బు ఏ ఖాతాల మీదుగా నడిచిందో ఆ ఖాతాలన్నీ ఆగిపోయాయి. అందులో ఈమె పింఛనూ ఉంది.

ఇలా మనిషికీ మనిషికీ మధ్య నేరుగా కాయిన్లు అమ్ముకోవడాన్ని పీటూపీ అంటారు. విదేశంలో ఉన్నవాడి తరఫున ఇక్కడ మూడో మనిషి చెల్లించిన డబ్బును బ్యాంకుతో సంబంధం లేకుండా అందుకోవడం ఫెమా మూడో సెక్షను కాదన్న పని. పాత హవాలా కొత్త చొక్కా తొడుక్కుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం 2024 జనవరిలో ఇచ్చిన నివేదికలో, ఆగ్నేయాసియా సైబర్ మోసగాళ్లు డబ్బు మార్చడానికి ఎక్కువగా ఇష్టపడేది యూఎస్‌డీటీనేనని చెప్పింది. ఆ ఏడాది మేలోనే, ఉద్యోగాల పేరుతో మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియా తరలించి సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠాను విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఒక ఊరి కుర్రాణ్ని బంధించి చేయించిన మోసం తాలూకు డబ్బు, ఇంకో ఊరి తల్లి ఖాతాలోకి వచ్చి పడవచ్చు. ఈ గొలుసు ఎంత దగ్గరగా ఉందో ఊళ్లో జనానికి తెలియాలి.

అలాంటి ఖాతా విడిపించడానికి నాకున్న ఆయుధం కాగితమే. కొడుకు జీతం చీటీ, ఆ జీతం జమైన యూరప్ ఖాతా, కాయిన్ కొన్న రసీదు, అమ్మిన తేదీ, కొన్నవాడి వివరాలు. ఇవన్నీ వరుసగా ఉన్న కేసుల్లో కేసు పెట్టిన పోలీసులకు రాసి, అవసరమైతే కోర్టుకెళ్లి, వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి మిగతా ఖాతా వదలమని అడగగలుగుతాం. కాగితం లేని కేసుల్లో నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. ఈలోగా ఇంట్లో మందులకు అప్పు చేస్తారు.

నేను రాయించే పుస్తకం

వెళ్లే ప్రతివాడి చేతా ఒక పుస్తకం పెట్టిస్తాను. కాగితం మీదైనా, ఫోన్లో షీటైనా సరే. ఒక్కో వరుసలో కాయిన్ వచ్చిన తేదీ, ఎన్ని, ఎక్కడి నుంచి, ఆ రోజు ధర స్థానిక కరెన్సీలోనూ రూపాయల్లోనూ. ఖర్చయిన తేదీ, ధర, దేనికి. క్యాష్‌బ్యాక్‌గా వచ్చిన కాయిన్లకూ వరుస ఉండాలి. ఎక్స్ఛేంజీ స్టేట్‌మెంటును నెలనెలా దింపుకుని దాచుకోమంటాను. ఎక్స్ఛేంజీ మూతపడితే దాంతోపాటు చరిత్రా పోతుంది. విమానం టికెట్లు, బోర్డింగ్ పాసులు, అద్దె ఒప్పందం, జీతం చీటీలు అన్నీ ఒక సంచిలో.

అన్నిటికంటే ముందు, కార్డు నిజంగా కావాలా అని అడుగుతాను. యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా బేసిక్ బ్యాంకు ఖాతా పొందే హక్కు ఉంది. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల్లోని బ్యాంకులు మామూలు బదిలీకి తీసుకునే రుసుముకే పది సెకన్లలో డబ్బు పంపించాలి. ఊరికి పంపడానికి లైసెన్సున్న బదిలీ సంస్థలు పోటీ పడుతున్నాయి. ఇవన్నీ అందుబాటులో ఉన్నవాడికి కాయిన్ కార్డు ఇచ్చే అదనపు లాభం చాలా తక్కువ. ఖాతా తెరవడం ఆలస్యమైన మొదటి వారాల్లోనో, దేశాలు మారుతూ పనిచేసేవాడికో అది నిజంగా ఉపయోగపడుతుంది. అలాంటివాళ్లకు యూరో కాయిన్, లైసెన్సున్న కార్డు, నెలకో మార్పిడి, రాసిన పుస్తకం అని చెబుతాను. ఆ దారిలో వెళ్లినవాళ్లకు పన్ను చాలాసార్లు సున్నాకు దగ్గరగా తేలుతుంది. చట్టం ఇచ్చిన ప్రతి పైసా మినహాయింపూ వాళ్లకు దక్కుతుంది.

మా జిల్లాల్లో వెల్డింగు నేర్పే సంస్థలున్నాయి, విదేశీ భాష నేర్పే సెంటర్లున్నాయి, వీసా ఇంటర్వ్యూకు తర్ఫీదు ఇచ్చేవాళ్లున్నారు. సంపాదించిన డబ్బును ఎలా ఇంటికి తేవాలో నేర్పే పూట మాత్రం నాకు తెలిసి ఒక్కటీ లేదు. ప్రతి శిక్షణ సంస్థా, ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ వెళ్లే పిల్లలకు ఒక పూట ఇది చెప్పాలి. పిలిస్తే మాలాంటి వాళ్లం ఫీజు అడక్కుండా వెళ్లి చెబుతాం, నేనైతే తప్పకుండా వెళ్తాను. ఈ జిల్లాల నుంచి మనిషి బయటికి వెళ్లేది ఇంటిని నిలబెట్టడానికి. అతను పంపిన రూపాయి దారిలో ఆగకూడదు, ఎవరి ముందూ తలదించుకోవాల్సిన డబ్బు కాకూడదు. దానికి కావాల్సింది నెలాఖరున ఒక గంట, ఒక పుస్తకం. ఆ గంట కేటాయించమని ప్రతి ఇంటినీ అడుగుతున్నాను.